కన్వీనర్ బదిలీ అయినా మా పరిశోధన నెట్‌వర్క్ ఆగకుండా ఎలా చేశామంటే (నా అనుభవం)

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లు, కాలేజీ లెక్చరర్లు కలిసి వృత్తి విద్య మీద పరిశోధన చేసే చిన్న నెట్‌వర్క్ మాది. కన్వీనర్‌కు బదిలీ అయితే చాలు, సభ్యుల జాబితా, సమీక్షకు వచ్చిన వ్యాసాలు అన్నీ ఆయన సొంత మెయిల్‌లోనే ఉండిపోయేవి.

వాట్సాప్ గ్రూపు, గౌరవాధ్యక్షుడు, చందా: అన్నీ ప్రయత్నించాం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు నెట్‌వర్క్ పేరుతో మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ వేర్వేరు ఊళ్లలోని ఇద్దరి దగ్గర ఉంచాం. పాత ఫైళ్లన్నీ అందులోకి చేర్చాకే ఎన్నిక పెట్టాం. అయిదుగురి కమిటీ, పదవీకాలం రెండేళ్లు. అయితే మొదటిసారి చీటీలు వేసి ఇద్దరికి ఏడాదే ఇచ్చాం. దాంతో అందరూ ఒకేసారి దిగిపోరు, కొత్తవాళ్లకు పని తెలిసినవాళ్లు పక్కనే ఉంటారు. నా దృష్టిలో అసలు కీలకం ఈ చీటీలే. తర్వాత ప్రతి వ్యాసానికీ ఇద్దరు సమీక్షకులు, వారిలో ఒకరు తప్పనిసరిగా వర్క్‌షాపులో పాఠం చెప్పేవారు అని రాసుకున్నాం. లేత్ యంత్రం దగ్గర పిల్లలు ఎక్కడ తడబడతారో వాళ్లకే తెలుస్తుంది, ఆ మాట పరిశోధనలోకి రావాలి.

ఇది అందరికీ సరిపోతుందని చెప్పలేను. మా దగ్గర ఇప్పుడు డబ్బు లావాదేవీలు లేవు. గ్రాంట్లు తీసుకునేవాళ్లయితే 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు గురించి ఆలోచించాలి; దానికి కనీసం ఏడుగురు కావాలి, కమిటీలోనూ అంతమందిని పెడితే చీటీల లెక్క మీరే మార్చుకోవాలి.