వెన్నుపూసలో సిమెంట్ వేయించుకునే ముందు, ఆ తర్వాత

క్యాన్సర్ ఎముకకి పాకి వెన్నుపూస కుంగిపోయినా, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే రక్త క్యాన్సర్) వల్ల పూస విరిగినా వర్టిబ్రోప్లాస్టీ గానీ కైఫోప్లాస్టీ (ముందు పూసలో చిన్న బెలూన్ ఉబ్బించి చేసేది) గానీ చేద్దామంటారు డాక్టర్లు. పెద్ద కోత ఉండదు, సూది గుండా పూసలోకి ఎముక సిమెంట్ పంపిస్తారు, చాలామందికి కొద్ది రోజుల్లోనే నొప్పి బాగా తగ్గుతుంది. వర్టిబ్రోప్లాస్టీ 1980ల నుంచీ ఉన్న పద్ధతే, భయపడి వద్దనుకోకండి. అలాగని సూదితో అయిపోయేదే కదా అని తేలిగ్గానూ తీసుకోకండి.

క్యాన్సర్ గడ్డ పూస వెనక గోడని తినేసి ఉంటే, సిమెంట్ గట్టిపడేలోపు అటువైపు జారే అవకాశం ఎక్కువ. కొంచెం బయటికి రావడం తరచూ జరిగేదే, ఎక్కువమందికి ఏమీ తెలియదు కూడా. కానీ అరుదుగా అది వెన్నుపామునో నరాన్నో నొక్కుతుంది, ఇంకా అరుదుగా సిరల గుండా ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం తెస్తుంది. అందుకే వెనక గోడ ఎలా ఉంది, తేడా వస్తే వెంటనే ఆపరేషన్ చేసే స్పైన్ సర్జన్ అందుబాటులో ఉంటారా అని మొహమాటం లేకుండా ముందే అడగండి.

కీమో నడుస్తుంటే ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు, కాబట్టి పాత రిపోర్టు సరిపోదు, తాజా రక్తపరీక్ష కావాలి. ప్లేట్‌లెట్లు 50 వేల లోపు ఉంటే సాధారణంగా వాయిదా వేస్తారు లేదా ఎక్కిస్తారు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పండి, కానీ సొంతంగా మాత్రం ఆపొద్దు, ఎందుకంటే క్యాన్సర్‌లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలుగానే ఎక్కువ. జ్వరం, మూత్రంలో మంట ఉన్నా దాచకండి, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉండగా ఇది చేయకూడదు.

ఇంటికొచ్చాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. కాళ్లలో కొత్తగా బలహీనత, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం రాకపోవడం, ఛాతీ నొప్పి, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ నిమిషమే ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్నుపాము నొక్కుకుపోతే గంటలు కూడా లెక్కే. తగ్గిన నొప్పి కొన్ని వారాల తర్వాత మళ్లీ పెరిగితే ఇన్ఫెక్షన్ కావచ్చు, పక్క పూస విరిగి ఉండొచ్చు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకి జ్వరం పైకి కనిపించకపోవచ్చు కూడా. "క్యాన్సర్ కదా, నొప్పి ఉంటుందిలే" అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకోవద్దు, దయచేసి.

ఏ పూసకి, ఏ తేదీన చేశారో రాసి ఉన్న డిశ్చార్జ్ కాగితం చేతికందేలా పెట్టుకోండి, ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్‌కి ముందుగా అదే చూపించండి.