బోటుకి టిచ్ బటన్ కవరు మనమే బిగించుకుందాం: 3వ పాఠం

పోయిన పాఠంలో గుడ్డ అంచు రెండు మడతలు వేసి కుట్టి, దానికి ఆడ బటన్లు (గుంట ఉండేవి) కొట్టాం. ఈసారి ఆ గుంటలో దిగే మగ బటన్లను బోటు అంచుకి స్క్రూలతో బిగించాలి. అసలు టెన్షన్ ఇక్కడే. గుడ్డ మీద తప్పు పోతే అతుకు వేసుకోవచ్చు. ఫైబర్‌లో తప్పు చోట చిల్లు పడితే దాన్ని రోజూ చూస్తూ బతకాలి.

మొదటిసారి నేను ఆ తప్పే చేశాను. మాది 16 అడుగుల ఫైబర్ బోటు, చుట్టుకొలత సుమారు 40 అడుగులు. 8 అంగుళాలకొకటి చొప్పున 60 బటన్లు. టేపు పట్టి లెక్కగా గుర్తులు పెట్టి, ఒక్క పూటలో చిల్లులన్నీ వేసేశాను. కవరు పరిస్తే ముందు కొసన సరిపోయింది కానీ, వెనక్కి వచ్చేసరికి బటన్ ఒకచోట, చిల్లు ఇంకోచోట! మా బావ గట్టు మీద కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు.

అందుకే ఒక బటన్ బిగించి, దానికి గుడ్డ తగిలించి, లాగి చూశాకే రెండో చిల్లు వెయ్యండి. ముందు కొస నడిమధ్య మొదలుపెట్టి, తర్వాత వెనక నడిమధ్య, ఆపైన వెనక రెండు మూలలు బిగించండి. పక్కల్లో ఎడమ ఒకటైతే కుడి ఒకటి, నడుమ నుంచి రెండు కొసలకూ పోవాలి. ఒక పక్కే వరసగా పోతే గుడ్డ అటే జరిగిపోతుంది.

గుర్తుకి పెన్సిలు పనికిరాదు. ఆడ బటన్ లోపలివైపు తడి కుంకుమ అద్ది, గుడ్డని చేత్తో బిగువుగా లాగి బోటు అంచు మీద నొక్కండి. గుండ్రంగా బొట్టు పడుతుంది. చిల్లు దాని నడుమే. బలమంతా పెట్టి లాగకండి. రెగ్జిన్ లాంటి గుడ్డ ఎండకి మెత్తబడి సాగుతుంది, ముసురు పట్టిన రోజు బిర్రబిగుస్తుంది. మిట్టమధ్యాహ్నం సాగదీసి బిగిస్తే, వాన పొద్దున్న బటన్ అందదు.

డ్రిల్లు పెట్టేముందు అంచు కింద చెయ్యి పెట్టి, వైరు గానీ ఆయిల్ పైపు గానీ ఉందేమో తడిమి చూడండి. 8 నంబరు స్క్రూకి 3.2 మిల్లీమీటర్ల బిట్టు చాలు. ఫైబర్ పైనున్న నున్నటి పూత గాజులా పెళుసు. మొదట డ్రిల్లు వెనక్కి తిప్పుతూ పూత దాటించి, తర్వాత ముందుకి తిప్పండి. చిల్లు పడ్డాక దానికన్నా లావు బిట్టు చేత్తో పట్టుకుని చిల్లు అంచున రెండు చుట్లు తిప్పితే, స్క్రూ బిగించేటప్పుడు పూత చిట్లదు. చిల్లులో కాస్త సిలికాన్ పూసి స్క్రూ దించండి. బటన్ కదలకుండా నిలిస్తే చాలు, ఇంకా తిప్పితే పట్టు వదిలేస్తుంది.

స్క్రూల దగ్గర కక్కుర్తి వద్దు. మన వశిష్ఠ గోదావరి పాయలో పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. అది సముద్రంలో కలిసే అంతర్వేది దగ్గర్లో కట్టే బోట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. తళతళలాడుతున్నాయని ఒక కొట్లో కొన్న స్క్రూలు నాకు ఒక్క వానాకాలానికే తుప్పుపట్టి, గుడ్డ మీద ఎర్రటి చారలు దిగాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడిగి తీసుకోండి. బటన్లు కూడా అదే రకమైతే మంచిది.

అన్నీ పడ్డాక ప్రతి బటన్‌కీ కొద్దిగా కొవ్వొత్తి మైనం రుద్దండి. విప్పేటప్పుడు గుడ్డ చివర పట్టుకుని గుంజొద్దు. బటన్ పక్కనే వేలు దూర్చి పైకి లేపాలి. పిల్లలకి ముందే చెప్పండి, వాళ్లకి ఆ టప్ టప్ చప్పుడంటే మహా సరదా.

ఇప్పుడు కవరు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఒక్క వానకే నడుమ చెరువు కట్టేస్తుంది. వచ్చే పాఠంలో దానికి కింద కర్ర నిలబెడదాం. ఈలోగా నిటారుగా ఉన్న వెదురు ఒకటి చూసి పెట్టుకోండి.