వేట మొదలయ్యే రోజు మొరాయించే పాత బోటు మోటారు: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలూ శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం, భావనపాడు, బారువ తీరాల్లో బోట్లు ఒడ్డునే ఉంటాయి, మోటార్లు ఇళ్లలో ఏదో ఒక మూల గోనెపట్టా కప్పుకుని పడుంటాయి. జూన్ 15 తెల్లవారుజామున బోటు నీళ్లలోకి తోసి తాడు లాగితే సగం మోటార్లు పలకవు. "ఏటి బాబూ, ఏప్రిల్లో కట్టేసినప్పుడు బాగానే ఉండేది" అంటారు. ఆ మాట నిజమే. పాడయింది వాడకం వల్ల కాదు, వాడకుండా ఉంచడం వల్ల.

ఇక్కడ రాసేది చేతితో తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటార్ల గురించి. మోటారు మొరాయించగానే చాలామంది పానా తీసుకుని నేరుగా కార్బొరేటరు మీద పడతారు. దయచేసి అలా చేయకండి. నా అనుభవంలో తప్పు ఎక్కువగా ట్యాంకుకీ మోటారుకీ మధ్యనే ఉంటుంది. పెట్రోలు అందుతోందా, ప్లగ్గులో నిప్పు వస్తోందా, నీటి ధార బయటికి వస్తోందా: ఈ మూడూ ఇదే వరసలో చూడండి.

తాడు ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేదు

ముందు ఎర్ర తాడు క్లిప్పు చూడండి. మనిషి నీళ్లలో పడితే ఇంజను ఆగడానికి పెట్టిన ఆ క్లిప్పు సరిగ్గా కూర్చోకపోతే ఎంత లాగినా నిప్పు రాదు. తరవాత ట్యాంకు మూత మీది గాలి మర వదులు చేశారా? పైపు కప్లింగు రెండు వైపులా 'టక్' మని పడిందా? పైపు మధ్యలో పెట్రోలు తోడే రబ్బరు బల్బు మీద బాణం గుర్తు ఇంజను వైపే ఉందా? బల్బును నిలువుగా, ఇంజను వైపు కొస పైకి ఉండేలా పట్టుకుని నొక్కండి. నాలుగైదు నొక్కులకు గట్టిపడాలి. పడుకోబెట్టి నొక్కితే లోపలి వాల్వు సరిగా మూసుకోక ఎంతసేపటికీ మెత్తగానే ఉంటుంది. నిలువుగా పట్టినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం.

బల్బు గట్టిపడింది, అయినా పలకలేదు. అప్పుడు ప్లగ్గు విప్పండి. అది తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే ఇంధనం అందుతోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే ఇంధనమే అందడం లేదు.

నిప్పు చూడటానికి ప్లగ్గును దాని టోపీలోనే ఉంచి, ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజను బాడీకి ఆనించి తాడు లాగండి. ఎండలో కనపడదు, నీడలో చూడాలి. పెట్రోలు డబ్బా, తడి గుడ్డ దూరంగా పెట్టండి. ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి కూడా పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది కాబట్టి దానికి ఎడంగా పట్టుకోండి. నీలి రంగులో టకటకమని దూకితే మంచి నిప్పు. పసుపుగా, సన్నగా ఉంటే బలహీనం. ముందు కొత్త ప్లగ్గు వేసి చూడండి, అన్నిటికన్నా తక్కువ ఖర్చు అదే. అయినా రాకపోతే ప్లగ్గు టోపీ లోపల చూడండి. మన ఉప్పు గాలికి అక్కడ పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. తీగ కొస ఒక అంగుళం కత్తిరించి, శుభ్రమైన రాగి కనిపించేలా మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. అదీ కాకపోతే స్టాప్ స్విచ్చి తీగ విడదీసి ఒక్కసారి లాగి చూడండి. అప్పుడు నిప్పు వస్తే తప్పు స్విచ్చిది. రాకపోతే నిప్పు పుట్టించే భాగాలు, అంటే కాయిల్, సీడీఐ దాకా వెళ్లాలి. అది మీటరు ఉన్న మెకానిక్కు పని.

తాడు అసలు కదలకపోతే బలవంతం వద్దు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. ఉండి కూడా బిగుసుకుంటే ప్లగ్గులు తీసి మెల్లగా లాగండి. సిలిండరులోకి నీళ్లు వెళ్లి ఉంటే బయటికి చిమ్ముతాయి.

పెట్రోలు ఉంది, కానీ పనికొచ్చే పెట్రోలు కాదు

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సముద్రం పక్కన సగం ఖాళీ ట్యాంకులో రెండు నెలలు ఉంచితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. ట్యాంకు పైపు పీల్చేది అడుగు నుంచే కదా. ట్యాంకు అడుగు పెట్రోలు కొంచెం గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. మధ్యలో గీత కనిపిస్తే, కింద వేరే పొర తేలితే, ఆ ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. కొత్త పెట్రోలు కలిపితే బాగుపడదు.

పెట్రోలులో కలిపే ఆయిలు లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే కంటికి తోచినంత పోసేస్తున్నారు. 50:1 అంటే లీటరుకు 20 మి.లీ., ఐదు లీటర్ల డబ్బాకు 100 మి.లీ. పాత మోటార్లు కొన్నిటికి 25:1 కావాలి, అంటే లీటరుకు 40. మీ మోటారు పుస్తకంలో ఏది ఉందో అదే. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న ఆయిలు కొనండి. బైకు టూటీ ఆయిలు గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది.

కిరోసిన్ మీద నడిచే మోటారైతే ఒడ్డుకు వచ్చే ముందు పెట్రోలుకు మార్చి కాసేపు నడిపి ఆపండి. కిరోసిన్ మీదే ఆపేస్తే కార్బొరేటరు గిన్నెలో కిరోసిన్ మిగిలి, మర్నాడు చల్లటి ఇంజను పట్టుకోదు.

చోక్ వేస్తేనే నడుస్తుంది, తీస్తే చచ్చిపోతుంది

ఇప్పుడు కార్బొరేటరు విప్పండి. పెట్రోలు వెళ్లే సన్నటి పైలట్ జెట్టు మూసుకుపోయింది. పాత పెట్రోలు ఆరిపోయి గిన్నె అడుగున బెల్లం పాకంలా గోధుమ రంగు జిగురు పడుతుంది. ఐడ్లింగ్ స్క్రూ తీసే ముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్క రాసుకోండి, బిగించేటప్పుడు అన్ని చుట్లే వెనక్కి తిప్పాలి. జెట్టును కార్బొరేటరు క్లీనరుతో తడిపి ఊదండి. ఇనుప తీగతో పొడవకండి, రంధ్రం కాస్త పెద్దదైనా ఇంజను మళ్లీ దారికి రాదు. వలకు వాడే సన్న నైలాను పోగు సరిగ్గా సరిపోతుంది. జెట్టును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే గుండ్రటి చుక్కలా వెలుతురు కనపడాలి.

బాగానే బయలుదేరింది, పది నిమిషాలకు ఆగిపోయింది

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. ఒడ్డున మొరాయించే మోటారు మనిషిని చంపదు, ఏటి మొగలో ఆగిపోయేది చంపుతుంది. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట ఒకసారి నేనూ మా మామా అలా ఇరుక్కున్నాం. కెరటాలు దాటుతుండగా ఇంజను నీరసించి ఆగింది. తెడ్లతో బోటు ముక్కు కెరటానికి ఎదురుగా పట్టి ఉంచాం. రెండు నిమిషాలకు తాడు లాగితే మళ్లీ పట్టుకుంది, మళ్లీ ఆగింది. మామ వంగి బల్బు నొక్కుతూ కూర్చుంటే మాత్రం ఆగలేదు. అలా నొక్కుతూనే ఒడ్డుకు వచ్చాం.

అసలు పరీక్ష కూడా అదే. ఇంజను చచ్చిపోతున్నప్పుడు బల్బు నొక్కండి. కోలుకుంటే కార్బొరేటరుది తప్పు కాదు, దానికి ముందు ఏదో అడ్డు ఉంది. మొదట గాలి మర. అది మూసి ఉంటే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో పీడనం పడిపోయి, ఇంజను పంపు పీల్చలేదు. మర తెరిచే ఉంటే బల్బు ఆకారం చూడండి. నడుస్తుండగా చప్పబడిపోతే అడ్డు బల్బుకీ ట్యాంకుకీ మధ్య ఉంది. చప్పబడకపోతే ఇంజను మీది చిన్న ఫ్యూయల్ పంపు తెరుస్తే పలచటి పొర కనిపిస్తుంది. దాన్ని వెలుగులో సాగదీసి చూడండి, సూది మొన అంత చిల్లు ఉన్నా మార్చాలి.

మా మోటారులో తప్పు ఎక్కడ దొరికిందో చెప్తాను. పైపు బయటికి కొత్తదిలా ఉంది. బ్లేడుతో నిలువునా చీరితే లోపలి పొర ఒక చోట విడిపోయి నాలుకలా వేలాడుతోంది. ఇంజను పీల్చినప్పుడు ఆ నాలుక దారి మూసేస్తుంది, ఆగిన కాసేపటికి తెరుచుకుంటుంది. అందుకే రెండు నిమిషాలకోసారి బతికేది. ఒక దుకాణంలో అంటగట్టిన మామూలు రబ్బరు పైపు అది. ఇథనాల్ తట్టుకునే బోటు ఇంధన పైపే అడిగి తీసుకోండి.

నీటి ధార సన్నబడింది

వెనక చిన్న రంధ్రంలోంచి వచ్చే ధార ఇంజను చల్లబడుతోందనడానికి గుర్తు. అది ఆగితే ఇంజను వెంటనే ఆపండి. చల్లారాక ఆ రంధ్రంలో నైలాను దారం దూర్చి చూడండి. ఇసుక, ఉప్పు అడ్డుపడి ఉండొచ్చు. కింద నీళ్లు పీల్చే జల్లెడకు నాచు, ప్లాస్టిక్ చుట్టుకుందేమో కూడా చూడండి. అవేవీ కాకపోతే ఇంపెల్లర్, అంటే నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం. మనకు జెట్టీ లేదు. బోటును ఇసుక మీంచే తోస్తాం, ఇసుక కలిసిన కెరటంలోనే స్టార్ట్ చేస్తాం. ఆ ఇసుక రబ్బరు రెక్కల్ని అరగదీస్తుంది. అందుకే పుస్తకంలో రాసిన గడువు కోసం చూడకుండా ఏటా నిషేధం రోజుల్లోనే మార్చేయమంటాను. కొత్తది ఎక్కించేటప్పుడు షాఫ్టును అది తిరిగే వైపుకే తిప్పుతూ గూడులోకి నొక్కండి, రెక్కలన్నీ ఒకే వైపు వంగాలి. ఉప్పు పట్టిన బోల్టులకు తుప్పు వదిలించే ఆయిలు కొట్టి ఒక రాత్రి వదిలేయండి. విరిగిన బోల్టు తీయడం మూడు రోజుల పని.

ఒడ్డున పరీక్షించాలంటే 200 లీటర్ల డ్రమ్ములో జల్లెడ మునిగేలా మంచినీళ్లు పోసి నడపండి. గేరు వేయకండి. నీళ్లు లేకుండా మాత్రం ఒక్క క్షణం కూడా నడపొద్దు.

ఇంజను అరుస్తోంది, బోటు కదలదు

ప్లగ్గు టోపీలు పీకి, నీళ్లలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లర్) చేత్తో తిప్పి చూడండి. కొన్ని మోటార్లలో షాఫ్టుకు అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది, బండరాయి తగిలితే గేర్లను కాపాడడానికి అదే తెగుతుంది. రెండు పిన్నులు బోటులో దాచుకోండి. రబ్బరు హబ్బు ఉన్న ఫ్యానైతే లోపలి లోహం నుంచి బయటి లోహం దాకా ఒక గీత గీసి, నడిపి మళ్లీ చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రబ్బరు జారుతోంది.

ఫ్యాను తీసినప్పుడు దాని వెనక తెగిన వల పోగులు చుట్టుకుని ఉన్నాయేమో తప్పకుండా చూడండి. ఆ పోగు సీలును కోసేస్తుంది, నీళ్లు గేర్ల దగ్గరికి చేరతాయి. గేరు పెట్టె కింది స్క్రూ వదులు చేసినప్పుడు లోపలి ఆయిలు మజ్జిగలా తెల్లగా వస్తే సీలు మార్చాలి. కొత్త ఆయిలు కింది రంధ్రంలోంచే పైకి ఎక్కించి, పై రంధ్రంలో కనపడ్డాక ముందు పైది, తరవాత కిందిది బిగించండి.

కెరటానికి తిరగబడి మోటారు మునిగిపోయింది

నడుస్తుండగా మునిగినా, లోపలికి ఇసుక వెళ్లినా తాడు లాగకండి. లోపల కడ్డీ వంగి ఉండొచ్చు, మెకానిక్కు విప్పి చూడాలి. ఆగి ఉన్నప్పుడు మునిగితే మూత తీసి మంచినీళ్లతో బాగా కడగండి. ప్లగ్గులు తీసి, తల కిందికి వంచి నీళ్లు పోనిచ్చి, మెల్లగా తాడు లాగుతూ మిగిలినవి వెళ్లగొట్టండి. కార్బొరేటరు ఖాళీ చేయండి. ప్లగ్గు రంధ్రాల్లో చెంచాడు ఆయిలు పోసి తిప్పి, ఆరిన ప్లగ్గులతో ఆ రోజే స్టార్ట్ చేసి అరగంట నడపండి. ఆ రోజు కుదరకపోతే గాలికి ఆరబెట్టకండి. ఉప్పు తగిలిన ఇనుము గాలిలో గంటల్లో తుప్పు పడుతుంది. డ్రమ్ము నిండా మంచినీళ్లు పోసి మోటారును అందులోనే ముంచి ఉంచి, మెకానిక్కుకు కబురు పెట్టండి.