అభ్యర్థి ఖర్చు లెక్క చదవడం – 3వ పాఠం: తెలుపు, గులాబీ, పసుపు కాగితాలు

మొదటి రెండు పాఠాల్లో అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ చదవడం నేర్చుకున్నాం. ఆస్తులు, అప్పులు, కేసులు ఎక్కడ వెతకాలో మీకు ఇప్పుడు తెలుసు. అఫిడవిట్ గురించి పత్రికలు కూడా రాస్తాయి. ఎన్నికలు ముగిశాక అభ్యర్థి దాఖలు చేసే ఖర్చు లెక్కను మాత్రం దాదాపు ఎవరూ తెరిచి చూడరు. డబ్బు ప్రభావాన్ని అదుపు చేయడానికి మన తమిళనాడులో, మన చెన్నై జిల్లాలో జరిగే పని అంతా చివరికి వచ్చి చేరేది ఆ లెక్కలోకే. అందుకే దీనికి ఒక పాఠం మొత్తం కేటాయిస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు వరకు, ఆ రెండు రోజులూ కలిపి, అయిన ప్రతి ఖర్చుకూ అభ్యర్థి విడిగా లెక్క రాయాలి. తమిళనాడు లాంటి పెద్ద రాష్ట్రాల్లో 2022 జనవరి నుంచి పరిమితి శాసనసభకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఈ పరిమితి అభ్యర్థికే, పార్టీకి లేదు. చట్టంలో ఇది చాలా పెద్ద కంత అని నా అభిప్రాయం. పార్టీ తన పేరుతో ఎంత ఖర్చు పెట్టినా అడిగే సెక్షన్ లేదు. అయితే సభలో అభ్యర్థి వేదిక ఎక్కినా, అక్కడ ఆయన పేరో ఫొటోనో ఉన్నా ఆ సభ ఖర్చులో వాటా ఆయన ఖాతాలో పడాలి. ఈ ఒక్క నియమం గుర్తుంచుకోండి, కింది అభ్యాసంలో అవసరమవుతుంది.

ఇక ఈ లెక్క రాసే రిజిస్టరు. అందులో మూడు భాగాలు, మూడు రంగులు. తెల్ల కాగితాల మీద రోజువారీ ఖర్చులు, గులాబీ కాగితాల మీద నగదు, పసుపు కాగితాల మీద బ్యాంకు లావాదేవీలు ఉంటాయి. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే ఎన్నికల కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒకే వ్యక్తికి లేదా సంస్థకు మొత్తం కలిపి పదివేలు దాటితే నగదు ఇవ్వకూడదు. కాబట్టి చదివేటప్పుడు తెల్ల కాగితంతో మొదలుపెట్టి, ప్రతి పెద్ద ఖర్చుకూ పసుపు కాగితంలో జత ఉందా అని చూడాలి. జత లేకపోతే గులాబీ కాగితం తిప్పండి. ఒకే షామియానా కొట్టుకు 9,500, మళ్లీ 9,800, మళ్లీ 9,900 నగదుగా వెళ్లినట్టు కనిపిస్తే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

రిజిస్టరుతో పాటు ఒక సంగ్రహ పట్టిక, దానికి షెడ్యూళ్లు ఉంటాయి. సభల ఖర్చు మొదటి రెండింటిలో, వాహనాలు ఐదులో, కార్యకర్తల ఖర్చు ఆరులో. ఏడు, ఎనిమిది, తొమ్మిది డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాయి: సొంతం, పార్టీ, ఇతరులు. టైమ్ తక్కువుంటే ఐదు, ఆరు మాత్రం చదవండి. వీధిలో మన కళ్ళబడేవి అవే.

ఇప్పుడు అభ్యాసం. కొరుక్కుపేటలో ఒక సాయంత్రం వీధి సభ జరిగిందనుకుందాం. అభ్యర్థి వేదిక మీదే ఉన్నాడు. మీరు నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నారు: 600 కుర్చీలు, వేదికా షామియానా, ఒక ఎల్‌ఈడీ తెర, 4 మైకు ఆటోలు, 500 బిర్యానీ పొట్లాలు. జిల్లా ఎన్నికల అధికారి పార్టీలతో మాట్లాడి ప్రతి వస్తువుకూ ఒక రేటు ఖరారు చేస్తారు. ఆ పట్టిక సంపాదించండి. లెక్క పద్ధతి తెలియడానికి ఇక్కడ ఊహించిన రేట్లు పెడుతున్నాను. కుర్చీ 10 చొప్పున 6,000. షామియానా 25,000. తెర 15,000. ఆటోలు 2,500 చొప్పున 10,000. బిర్యానీ 120 చొప్పున 60,000. మొత్తం 1,16,000. అభ్యర్థి రిజిస్టరులో ఆ తేదీన ఉన్నది "వేదిక, కుర్చీలు – 14,000" అనే ఒక్క వరుస.

ఇక్కడ వెంటనే దొంగలెక్క అని అనేయకండి. ముందు మూడు చోట్ల వెతకాలి. ఆటోలు షెడ్యూలు ఐదులో వేరే తేదీ కింద ఉన్నాయేమో చూడండి. తెర ఖర్చు పార్టీ పెట్టినట్టు సభల షెడ్యూళ్లలో ఉందేమో చూడండి. నామినేషన్‌కు ముందే కొన్న సామాను అని వదిలేశారేమో చూడండి, ముందు కొన్నా ప్రచారంలో వాడితే లెక్కలో రావాలి. ఈ మూడూ అయ్యాక కూడా బిర్యానీ ఎక్కడా కనిపించకపోతే, అప్పుడది మీ ప్రశ్న.

మీలాగే ఎన్నికల యంత్రాంగం కూడా ఒక నోట్‌బుక్ రాస్తుంది. దాన్ని షాడో రిజిస్టరు అంటారు. వీడియో బృందాలు సభలు తీస్తాయి, మరో బృందం వాటిని చూసి కుర్చీలు లెక్కపెడుతుంది, లెక్కల బృందం రేటు వేస్తుంది. ప్రచార కాలంలో మూడుసార్లు అభ్యర్థి రిజిస్టరును దీనితో పోల్చి చూస్తారు. తేడా ఉంటే నోటీసు ఇస్తారు, 48 గంటల్లో జవాబు చెప్పాలి. ఈ వ్యవస్థను చాలామంది నమ్మరు. నేను నమ్ముతాను, కానీ కెమెరా వెళ్లని సందులుంటాయి. అక్కడ మీ నోట్‌బుక్ పనికొస్తుంది.

పనికొచ్చినా రిజిస్టరు పట్టుకోలేనిది ఒకటుంది, ఓటుకు నోటు. మన పక్కనే ఉన్న ఆర్.కె. నగర్ శాసనసభ నియోజకవర్గం చూడండి. 2017 ఏప్రిల్ 12న ఉపఎన్నిక జరగాలి. అంతకుముందు ఆదాయపు పన్ను శాఖ సోదాల్లో దాదాపు 89 కోట్ల పంపిణీ లెక్కలున్న కాగితాలు దొరికాయి. అప్పట్లో అభ్యర్థి పరిమితి 28 లక్షలు. ఎన్నికల సంఘం పోలింగ్ రద్దు చేసి, మళ్లీ డిసెంబరు 21న జరిపింది. ఆ రెండోసారి 20 రూపాయల నోటును టోకెన్‌గా పంచారన్న ఆరోపణలు వచ్చాయి. 2016లో అరవకురిచ్చి, తంజావూరు ఎన్నికలు వాయిదా పడ్డాయి. 2019లో వేలూరు లోక్‌సభ ఎన్నిక రద్దయింది. అన్నిటికీ కారణం డబ్బు పంపిణీయే. ఇలాంటివి కంటపడితే ఎన్నికల సంఘం సి-విజిల్ యాప్‌లో అక్కడికక్కడే ఫొటోనో వీడియోనో తీసి పంపాలి. గ్యాలరీలో పాత ఫొటో పెడితే తీసుకోదు. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది లక్ష్యం. డబ్బు తీసుకున్నవాడిది కూడా నేరమే అన్న సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పండి. మా పేటల్లో "ఇచ్చిందే తీసుకున్నాం, తప్పేముంది" అనే మాట వినీ వినీ ఈ వాక్యం రాస్తున్నాను.

లెక్క ఎక్కడ దొరుకుతుంది? ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి దాన్ని జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. చెన్నైకి ఆ అధికారి కార్పొరేషన్ కమిషనరే, అంటే సెంట్రల్ స్టేషన్ దగ్గరి రిపన్ బిల్డింగ్. లెక్క అందిన రెండు రోజుల్లో, దాన్ని ఎప్పుడు, ఎక్కడ చూడొచ్చో తెలిపే ప్రకటనను నోటీసు బోర్డు మీద పెట్టాలి. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం ఒక్క రూపాయి కట్టి ఎవరైనా చూడొచ్చు, ధ్రువీకరించిన నకలుకు ఫీజు వేరు. తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది కాబట్టి తమిళం చదవడం వచ్చినవాళ్లను తోడు తీసుకెళ్లండి.

తేదీల దగ్గర జాగ్రత్త. గెలుపును సవాలు చేస్తూ హైకోర్టులో వేసే ఎన్నికల పిటిషన్‌కు ఉన్న గడువు 45 రోజులు. అభ్యర్థి లెక్క 30వ రోజున ఇస్తే మీకు మిగిలేది 15 రోజులే. పరిమితి దాటి ఖర్చు పెట్టడం అవినీతి చర్య, ఎన్నికే రద్దు కావచ్చు. గడువు దాటినా దారి పూర్తిగా మూసుకుపోదు. లెక్క సరైనదేనా అని ఎన్నికల సంఘం విచారించవచ్చని 2014లో మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అశోక్ చవాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తప్పు తేలితే మూడేళ్ల అనర్హత ఉంది.

బెంగళూరులో ఉండి ఈ పాఠాలు చదివేవాళ్లకు ఒక మాట. కర్ణాటకలో ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ఏటా లోకాయుక్తకు ఆస్తుల వివరాలు ఇవ్వాలి. ఎన్నికల ఖర్చు లెక్కతో పాటు దాన్నీ చూస్తే ఐదేళ్ల కథ తెలుస్తుంది. కార్పొరేషన్ ఎన్నికలకు మాత్రం పరిమితులు రాష్ట్ర ఎన్నికల సంఘం పెడుతుంది, అవి వేరు. ఈ పాఠంలోని అంకెలు వాటికి వర్తించవు.

ఇంటి పని. మీ నియోజకవర్గంలో గత శాసనసభ ఎన్నికలో గెలిచినవారి, రెండో స్థానంలో నిలిచినవారి లెక్కలు తెచ్చుకోండి. ఇద్దరి షెడ్యూలు ఐదు, ఆరు పక్కపక్కన పెట్టి, ఎవరు ఎన్ని వాహనాలు చూపారో, ఎందరు కార్యకర్తలకు డబ్బిచ్చినట్టు రాశారో రెండు వరుసల్లో రాయండి. మీ వీధిలో మీరు చూసినదానితో కుదరని వరుస కింద గీత గీయండి. ఆ గీతల్లోంచి ఒకటి తీసుకుని, ఫిర్యాదు ఉత్తరం ఎలా రాయాలో 4వ పాఠంలో చూద్దాం.