మొదటిసారి లినక్స్ కెర్నల్ కంపైల్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఇప్పుడు పనిచేస్తున్న పాత కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) మాత్రం తీసేయకండి. కొత్తది బూట్ కాకపోతే గ్రబ్ మెనూలో (కంప్యూటర్ ఆన్ అవగానే ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో అడిగేది) పాతదాన్ని ఎంచుకుని లోపలికి రావచ్చు, అది కూడా లేకపోతే పెన్‌డ్రైవ్ పట్టుకుని రాత్రంతా కూర్చోవాల్సిందే.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉందేమో చూడండి. డిజిటల్ సంతకం లేని సొంత కెర్నల్‌ని అది ఆపేస్తుంది.

కాన్ఫిగ్ (కెర్నల్‌లో ఏమేం ఉండాలో చెప్పే సెట్టింగ్స్ ఫైల్) మొదటి నుంచి రాయకండి, బూట్ ఫోల్డర్‌లో ఉన్నదాన్నే కాపీ చేసుకుని 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' కమాండ్ కొట్టండి, పాత సెట్టింగ్స్ ఉంచి కొత్తవాటికి డిఫాల్ట్ విలువలు పెడుతుంది. డిస్క్ డ్రైవర్ ఒక్కటి మరిచిపోయినా రూట్ (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన భాగం) దొరకక కెర్నల్ ప్యానిక్ వస్తుంది, అంటే సిస్టమ్ అక్కడే ఆగిపోతుంది, కొత్తవాళ్లకి అసలు టెన్షన్ అక్కడే.

30 జీబీ ఖాళీ ఉంచండి. డీబగ్ సమాచారం చాలా చోటు తింటుంది.

కంపైల్ అయ్యాక 'మాడ్యూల్స్ ఇన్‌స్టాల్' (డ్రైవర్ల వంటి విడి భాగాలను పెట్టే కమాండ్) ముందు, 'ఇన్‌స్టాల్' (కెర్నల్‌ని పెట్టే కమాండ్) తర్వాత. బూట్ మొదట్లో వాడే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లోకి ఆ మాడ్యూల్సే వెళ్తాయి.