గడ్డకట్టే చలి ముంచుకొచ్చేలోపే

మంచు తుఫాను హెచ్చరిక రాగానే అందరి ధ్యాసా స్వెటర్ల మీదికి పోతుంది. నన్నడిగితే ముందుగా తేల్చుకోవాల్సింది, కరెంటు పోయిన రాత్రి ఇల్లు వెచ్చగా ఉంచుకునేది ఎలా అని. చలి తట్టుకోలేక చేసే పనులే ఒక్కోసారి చలికన్నా ముందు ప్రాణం తీస్తాయి.

బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే జలుబులే అని సరిపెట్టుకోకండి. అందరూ వెంటనే బయటికి రండి, ఫోన్లు ఆ తర్వాత. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ తలనొప్పి కూడా తెలియదు. అందుకే బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగది దగ్గర ఉండి తీరాలి. జనరేటర్ గ్యారేజీలో వద్దు, వరండాలోనూ వద్దు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి.

కారులో ఇరుక్కుపోయినా ఇదే గండం. ఇంజిన్ వేసే ముందు దిగి, సైలెన్సర్ గొట్టం చుట్టూ పేరుకున్న మంచు తీసేయండి. గంటకు 10 నిమిషాలు నడిపితే చాలు, కిటికీ కాస్త దించి. కారు వదిలి నడిచి వెళ్లవద్దు.

మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులకు నీళ్లు, రోజూ వాడే మందులు, టార్చి ముందే దగ్గర పెట్టుకోండి. గుండె జబ్బున్నవాళ్లు వాకిట్లో మంచు ఎత్తే పని పెట్టుకోకూడదు.

శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే ప్రమాదమే. చొక్కా గుండీ పెట్టబోతే వేళ్లు తడబడతాయి, మాట ముద్దముద్దగా వస్తుంది. వణుకు ఆగిపోయిందంటే కోలుకున్నారని కాదు, పరిస్థితి ఇంకా దిగజారిందని. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, తడి బట్టలు విప్పి, ముందు ఛాతీ, మెడ, తల వెచ్చబరచండి. స్పృహలో ఉండి మింగగలిగితే వెచ్చని పానీయం ఇవ్వండి, మద్యం మాత్రం వద్దు. పాలిపోయి మొద్దుబారిన వేళ్లను రుద్దకండి, లోపలి కండ దెబ్బతింటుంది.

చలికి ఒళ్లు ఇలా దిగజారుతున్న సంగతి ఎవరికి వారికి తెలియదు. పక్కింట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే ఫోన్‌తో సరిపెట్టకుండా, పొద్దున్నా సాయంత్రం తలుపు తట్టి ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడించండి.