వయసుతో మారే గోళ్లు: ఏది సహజం, ఏది వైద్యుడికి చూపించాలి

గోళ్లను పరిశీలించదలచినవారు ముందుగా రంగును పూర్తిగా తుడిచి, చేతులు కడుక్కుని తడి ఆరనిచ్చి, పగటి వెలుతురులో పది వేళ్లనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మార్పు అన్ని గోళ్లలోనూ ఉందా, ఒక్కదానిలోనే ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. వయసు తెచ్చే మార్పు సాధారణంగా చాలా వేళ్లలో, ఏళ్ల తరబడి, నెమ్మదిగా కనిపిస్తుంది.

మొదలు నుంచి కొన వరకు నిలువుగా సాగే సన్నని గీతలు, మెరుపు తగ్గడం, కొనలు పొరలుగా ఊడటం, మొదట్లోని తెల్లని చంద్రవంక చిన్నదవడం లేదా కనిపించకుండా పోవడం చాలావరకు ఈ కోవకే చెందుతాయి. నిలువు గీతలు కనబడగానే విటమిన్ లోపమని మాత్రలు కొనడం తొందరపాటే. పైగా గోళ్ల కోసం అమ్మే మాత్రల్లో తరచుగా ఉండే బయోటిన్ అనే బి విటమిన్‌ను ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ వంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చు.

అడ్డంగా పడిన గాడి సంగతి వేరు. తీవ్రమైన జ్వరం, పెద్ద శస్త్రచికిత్స, కీమోథెరపీ వంటివి గోటి పెరుగుదలను కొంతకాలం ఆపినప్పుడు అటువంటి గాడి ఏర్పడి, గోరు పెరిగేకొద్దీ కొనవైపు జరుగుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక, మొదలుకు 6 మిల్లీమీటర్ల దూరంలో గాడి ఉంటే అది దాదాపు రెండు నెలల కిందటిదని లెక్క. వృద్ధుల్లో పెరుగుదల మందగిస్తుంది కాబట్టి మరికొంత ముందుదై ఉండవచ్చు. ఒక్క వేలికే ఉంటే దెబ్బ కారణం కావచ్చు.

ముదురు చర్మం గలవారిలో పలు గోళ్లపై గోధుమరంగు నిలువు చారలు ఉండటం మామూలే. కానీ ఒకే గోటిపై కొత్తగా వచ్చిన చార వెడల్పవుతున్నా, ఆ రంగు చుట్టుపక్కల చర్మానికి పాకినా, మెలనోమా అనే క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవడానికి ఆలస్యం చేయకుండా చర్మవైద్యులకు చూపించాలి. గోళ్లు చెంచాలా గుంటపడితే ఇనుము లోపం ఉందేమో, వేలికొనలు ఉబ్బి గోళ్లు కిందికి వంగితే ఊపిరితిత్తుల లేదా గుండె జబ్బు ఉందేమో పరీక్షించవలసి ఉంటుంది.

పెళుసుబారిన గోళ్లను స్నానం తరువాత, మెత్తగా ఉన్నప్పుడు కత్తిరించడం మేలు. గిన్నెలు తోమేటప్పుడు చేతితొడుగులు వేసుకుని, ఆ తరువాత గోళ్లకు, వాటి మొదళ్లకు పెట్రోలియం జెల్లీ రాయాలి. మొదట్లోని సన్నని చర్మపు పొరను మాత్రం కత్తిరించకూడదు, ఎందుకంటే సూక్ష్మక్రిములు లోపలికి పోకుండా అడ్డుకునేది అదే.